కవలల ఇంటి సామాను: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

ఒక్క బిడ్డ ఉన్న ఇంట్లో పాలు, గుడ్డలు, స్నానం ఎక్కువగా తల్లి చేతిమీదే నడుస్తాయి. కవలలు పుడితే అలా కుదరదు. పొద్దున అమ్మమ్మ, మధ్యాహ్నం పిన్ని, రాత్రి రెండింటికి తండ్రి, తెల్లారుజామున మళ్లీ అమ్మమ్మ. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారెతో పాటు ఈ సామానంతా అత్తారింటికి చేరుతుంది. అక్కడ నానమ్మ, మేనత్త అందుకుంటారు. అందుకే ఆన్‌లైన్‌లో అయిదు చుక్కలు పడ్డ వస్తువు కూడా ఈ ఇంట్లో వారానికే అటకెక్కుతుంది. ఇక్కడ ప్రతి వస్తువుకీ పెట్టిన పరీక్ష ఒక్కటే: రాత్రి మూడింటికి, కళ్లజోడు లేకుండా, తల్లిని లేపి అడక్కుండా, ఇంకొకరు దీన్ని తప్పు లేకుండా వాడగలరా?

పాలసీసాలకి, డబ్బాపాలకి ఇక్కడ బ్రాండు పేర్లుండవు. మన దేశంలో 1992 నాటి చట్టం, దానికి 2003లో వచ్చిన సవరణ ప్రకారం వాటికి ప్రకటనలివ్వడం, ప్రచారం చేయడం నేరం. ఫలానా సీసా మంచిదని వీడియోలు చేసేవాళ్లకి ఈ సంగతి తెలియదో, తెలిసీ పట్టదో మరి. అయినా బ్రాండు కన్నా రకం చూసుకోవడమే ముఖ్యం.

కొనేముందు పని లెక్క చూడండి. పసిబిడ్డకి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఇద్దరికి 16 నుంచి 24 సార్లు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు, బరువు 2.5 కిలోల లోపే ఉంటుంది, పాలు తాగడం నెమ్మది. ఒక్కొక్కరికి తాగడం, తేన్పు, గుడ్డ మార్చడం కలిపి ముప్పావు గంట వేసుకున్నా, ఒక్క మనిషే ఇద్దరినీ చూస్తే గంటన్నర పడుతుంది. మూడు గంటలకోసారి పట్టాలంటే మధ్యలో మిగిలేది ఇంకో గంటన్నర. సీసాలు కడగడం, పాలు పిండడం, తినడం, నిద్ర అన్నీ అందులోనే జరగాలి. ఈ గంటన్నరని పెంచే వస్తువుకి డబ్బు పెట్టొచ్చు. మిగతావి షాపువాడి సరదా.

ఉగ్గుగిన్నె

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దీనికే. ముక్కున్న చిన్న స్టీలు గిన్నె, 25–30 మి.లీ. పడుతుంది. నెలలు నిండని పిల్లల వార్డుల్లో నర్సులు పాలాడ అని వాడేది కూడా ఇదే. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిపి చేసే నేర్పు పిల్లలకి సుమారు 34 వారాల దగ్గర వస్తుంది. ఆ అంచున పుట్టినవాళ్లు రొమ్ము పట్టుకున్నా అయిదు నిమిషాల్లో అలిసిపోతారు. పిండిన పాలు గిన్నెతో పడితే ఆ లోటు తీరుతుంది, సీసా పీకకి అలవాటుపడి రొమ్ము వదిలేస్తారన్న భయమూ ఉండదు. కడగడానికి మూలల్లేవు, మరలు లేవు. సబ్బుతో తోమి నీళ్లలో మరిగిస్తే అయిపోయింది.

వాడకంలో వచ్చే తప్పు ఒకటే, అది పెద్దది. వెనకటి అలవాటు ప్రకారం బిడ్డని కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పాలు ఒంపేస్తారు. అలా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బిడ్డని సగం కూర్చున్నట్టు ఒళ్లో పట్టుకోవాలి, తల మెడ చేతి ఆధారంతో ఉండాలి. గిన్నె ముక్కు నోటి మూలన, కింది పెదవి మీద ఆనించి పాలు పెదవికి తగిలేదాకా వంచి ఆగాలి. బిడ్డే నాలుకతో అందుకుంటుంది. మింగాక ఇంకాస్త వంచాలి. ఏడుస్తున్నప్పుడు, సగం నిద్రలో ఉన్నప్పుడు పట్టకూడదు. దగ్గినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆపాలి. ఈ పద్ధతిని ఆసుపత్రి నుంచి వచ్చేముందే నర్సు దగ్గర అమ్మమ్మ, తండ్రి ఇద్దరూ చేసి చూపించి రావాలి. చూసి నేర్చుకున్నామంటే చాలదు.

వెండిది ఎవరైనా బారసాలకి పెడితే తీసుకోండి, కానీ అంచు మడతపెట్టినవి, చెక్కుడు పని ఉన్నవి రోజువారీకి వద్దు. మడతలో పాలు ఎండి ఉండిపోతాయి. నున్నటి స్టీలువి నాలుగు కొంటే ఇద్దరికీ రోజంతా సరిపోతుంది. లోపం ఏమిటంటే ఒలికిపోవడం. 30 మి.లీ. పట్టామని రాస్తారు, అందులో కొంత మెడకింద గుడ్డే తాగుతుంది. గడ్డంకింద మడతపెట్టిన గుడ్డ ఉంచి, అది బాగా తడిస్తే ఆ మాట కూడా రాసుకోవాలి.

పాలు పిండే యంత్రం

కవలల తల్లికి చేత్తో నొక్కే పంపు కొనిపెట్టడం డబ్బు దండగ. పిల్లలు ఐసీయూలో ఉంటే మొదటి వారాల్లో రోజుకి 8 సార్లు, ఒక్కోసారి 15–20 నిమిషాలు పిండాలి. ఒక్కో రొమ్ము విడిగా పిండితే ఆ సమయం రెట్టింపవుతుంది. రెండు పక్కలా ఒకేసారి పిండే ఎలక్ట్రిక్ పంపే తీసుకోండి. మొదటి నెలకి ఆసుపత్రి రకం పెద్ద యంత్రాన్ని అద్దెకి తెచ్చుకోవడం ఇంకా మేలు. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో వైద్య పరికరాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర అడగండి. గొట్టాలు, రొమ్ముకి ఆనించే గరాటాలు మాత్రం కొత్తవి, సొంతవి ఉండాలి.

పంపు పనిచేయడం లేదని తిప్పి పంపేవాటిలో చాలావాటికి యంత్రంలో లోపం ఉండదు. లోపం రెండు చోట్ల ఉంటుంది. ఒకటి గరాటా కొలత. పెట్టెలో ఎక్కువగా 24 మి.మీ. గరాటా వస్తుంది. చనుమొన వ్యాసం కొలిచి దానికన్నా రెండు మూడు మి.మీ. మాత్రమే పెద్దది ఎంచుకోవాలి. వదులైతే చుట్టూ చర్మం కూడా లోపలికి లాగి నొప్పి పెడుతుంది, పాలు సరిగా దిగవు. రెండోది సిలికాన్ వాల్వు, బాతుముక్కులా ఉండే చిన్న తెల్ల ముక్క. రోజుకి ఎనిమిదిసార్లు వాడితే రెండు నెలల్లోపే సాగిపోతుంది, గుంజే బలం తగ్గుతుంది. దీన్ని బాగా తోమి శుభ్రం చేద్దామని అమ్మమ్మ లోపలికి బ్రష్షు దూర్చిందా, చీలిక చిరిగి ఆ పూటకే అయిపోతుంది. సబ్బునీళ్లలో వేళ్లతో రుద్దితే చాలు. వాల్వులు నాలుగు విడిగా దొరికే పంపునే కొనండి. విడిభాగాలు దొరకని చవక పంపు మూడో నెలలో బొమ్మైపోతుంది.

పాలు గొట్టంలోకి వెనక్కి పోకుండా మధ్యలో పొర ఉన్న క్లోజ్డ్ రకమే తీసుకోండి. గొట్టంలోకి పాలు పోతే బూజు పడుతుంది, అది కడిగినా పోదు. కరెంటు కోతలున్న ఊరైతే చార్జింగ్ ఉండేది చూడండి.

పంపు కొన్నాక అసలు ప్రశ్న కడిగేదెవరన్నది. రెండు వైపుల భాగాలు కలిపితే ఒక్కోసారికి ఎనిమిది పది ముక్కలవుతాయి. ఇది తల్లి పని కాకూడదు. ఇంట్లో ఎవరో ఒకరు ఈ కడుగుడు బాధ్యత పూర్తిగా తీసుకుంటేనే పంపు మూడో వారం దాటి నడుస్తుంది. రెండు సెట్ల భాగాలుంటే ఒకటి వాడుతుండగా ఇంకొకటి ఆరుతుంది.

పిండిన పాలు 25 డిగ్రీల గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయని పెట్టె మీద రాస్తారు. మే నెలలో మన గదులు 35 డిగ్రీలుంటాయి కనక ఆ 4 గంటల లెక్క ఇక్కడ చెల్లదు. పిండిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలి అరలో వెనక పెట్టండి. తేదీ, టైము రాసిన కాగితం టేపు అతికించండి. నోరు పెట్టిన సీసాలో మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. వీడు వదిలేసిన పాలు రెండోవాడికి పట్టే పొదుపు వద్దు, ఒకరి జలుబు ఇంకొకరికి పోవడానికి అదే దగ్గరి దారి. పాలు వెచ్చబెట్టే వార్మర్ కొనక్కర్లేదు. గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో సీసా నిలబెడితే అయిదు నిమిషాల్లో అవుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, పైకి గోరువెచ్చగా ఉండి మధ్యలో కాలిపోయే పాలుంటాయి.

తల్లిపాలు చాలక ఆసుపత్రిలో ఉన్న పిల్లలకి దాతల పాలు దొరికే మార్గం ఉంది. 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో మొదలైన ఈ పద్ధతి మన దగ్గర హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోని ధాత్రి కేంద్రం దాకా వచ్చింది. ఆ పాలని 62.5 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి శుద్ధి చేస్తారు. ఆన్‌లైన్‌లో పరిచయమైన వాళ్ల దగ్గర నేరుగా తెచ్చుకునే పాలకి ఈ భద్రత లేదు.

స్టెరిలైజర్, డబ్బాపాలు

సీసాలు, పంపు భాగాలు రెండూ వాడే ఇంటికి ఆవిరి స్టెరిలైజర్ కొనొచ్చు. ఉగ్గుగిన్నెతోనే నడిచిపోతుంటే వద్దు. కనీసం ఆరు సీసాలు పట్టేది తీసుకోండి. ఆవిరి పని పది నిమిషాల్లో అయిపోతుంది. ఆరబెట్టే ఫ్యాన్ ఉన్నదానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు, అది అరగంట పైనే తీసుకుంటుంది, ఈలోగా తర్వాతి దఫా పట్టే వేళవుతుంది. శుభ్రమైన చిల్లుల బుట్టలో బోర్లించి, పైన ఉతికిన గుడ్డ కప్పితే చాలు.

ఇది పాడయ్యేది బోరునీళ్లతో. హైదరాబాద్‌లో చాలా కాలనీల బోరునీళ్లు పోస్తే పదిరోజుల్లో అడుగు పళ్లెం మీద తెల్లటి పొర కడుతుంది, వేడి సరిగా అందదు, సీసాలకి తెల్ల మచ్చలొస్తాయి. ఫిల్టరు నీళ్లే పోయండి. వారానికోసారి నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి పళ్లెంలో అరగంట ఉంచి కడిగేయండి. స్టీలు పీచుతో గీకితే పూత పోతుంది. అసలు సంగతి, స్టెరిలైజర్ కడగదు. పాలజిడ్డు ఉన్న సీసా అందులో పెడితే జిడ్డు ఉడికి గట్టిపడుతుంది అంతే. ముందు సబ్బు, బ్రష్షు, ధారగా నీళ్లు.

నానమ్మ పద్ధతి దీనికి ఏమీ తీసిపోదు. పెద్ద గిన్నెలో సీసాలు పూర్తిగా మునిగేట్టు నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక 10 నిమిషాలు. అడుగున పాతగుడ్డ కానీ చిల్లుల పళ్లెం కానీ వేయాలి, లేకపోతే పీకలు అడుగుకి అంటుకుని కాలతాయి. ఈ పద్ధతిలో జరిగే పొరపాటు పొయ్యిమీద మర్చిపోవడం. కవలల ఇంట్లో అది తప్పకుండా జరుగుతుంది, ఎందుకంటే పెట్టిన మనిషిని రెండోవాడి ఏడుపు లాక్కెళ్లిపోతుంది. తనంతట తాను ఆగిపోయే యంత్రానికి డబ్బు పెట్టేది ఈ ఒక్క కారణానికే.

డబ్బాపాలు డాక్టర్ చెబితే మొదలుపెట్టాలి. చేతులు మారే ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన వస్తువు డబ్బాలో ఉండే ఆ చిన్న చెంచాయే. చిక్కగా ఉంటే బలమని ఒకరు గుట్టగా నింపుతారు, అరగదేమోనని ఇంకొకరు పలచన చేస్తారు. చిక్కనైతే ఒంట్లో ఉప్పు పెరిగి నీరు తగ్గిపోతుంది. పలచనైతే బరువు పెరగదు, ఉప్పు పడిపోయి మూర్ఛ కూడా రావచ్చు. మన దగ్గర చాలా డబ్బాలకి 30 మి.లీ. నీళ్లకి అంచు దిద్దిన ఒక చెంచా లెక్క, అయినా మీ డబ్బా మీద ఏముందో అదే పాటించండి. ముందు నీళ్లు కొలవాలి, తర్వాత పొడి. మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకి తగ్గకముందే పొడి కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, పొడిలో ఉండగల సూక్ష్మజీవులు చావడానికి. తర్వాత చల్లార్చి పట్టాలి. వేరే కంపెనీ చెంచా కలవకూడదు. డబ్బా ఖాళీ అవగానే చెంచా కూడా పారేయండి. మన వంటగదుల్లో చెంచాలు దాచిపెట్టే అలవాటు ఎక్కువ. డబ్బా మూత మీద మార్కర్‌తో పెద్ద అక్షరాలతో లెక్క రాసి పెట్టండి.

పుస్తకం, పెన్ను

కవలల పాల లెక్కకి ఫోన్ యాప్‌లు బోలెడున్నాయి. గ్రాఫులు అందంగా వస్తాయి. కానీ అమ్మమ్మ ఫోన్‌లో అది ఉండదు, ఉన్నా తడిచేత్తో, కళ్లజోడు లేకుండా నొక్కరు. తర్వాత రాద్దామనుకున్నది రాయరు. యాప్‌లకి ఈ ఇంట్లో నా మార్కులు సున్నా. పొడుగు నోటుబుక్కు ఒకటి, మంచం పక్కన దారంతో కట్టిన రెండు పెన్నులు చాలు. పెద్దబిడ్డకి ఎరుపు, చిన్నబిడ్డకి నీలం. ఎడమ పేజీ ఒకరికి, కుడి పేజీ ఇంకొకరికి. గడులు ఇవి: టైము, రొమ్ముపాలా పిండినవా డబ్బావా, ఎన్ని మి.లీ., తడి, విరేచనం, మందు, పట్టినవాళ్ల మొదటి అక్షరం. ఆఖరి గడి తగాదాలకి కాదు, సందేహం వస్తే అడగడానికి మనిషి దొరకడానికి.

ఈ పుస్తకం విలువ మందుల దగ్గర తెలుస్తుంది. విటమిన్ డి చుక్కలు మామూలుగా రోజుకి 400 యూనిట్లు రాస్తారు. మందుల షాపులో 1 మి.లీ.కి 400 ఉన్న సీసా దొరుకుతుంది, 800 ఉన్నదీ దొరుకుతుంది. మొదటి సీసా అయిపోయి రెండోది ఎవరో వేరే తెస్తే, పాత కొలతతోనే రెట్టింపు పడిపోతుంది. పారాసిటమాల్ మరీను. చుక్కల మందులో 1 మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే, సిరప్‌లో 5 మి.లీ.కి 120 ఉండేవి, 250 ఉండేవి కూడా ఉంటాయి. ఇక ఒకే బిడ్డకి రెండుసార్లు వేసి ఇంకొకరికి అసలు వేయకపోవడం అచ్చంగా కవలల ఇళ్ల సమస్య. మందు వేసినవాళ్లే, వేసిన వెంటనే, సీసా మూత బిగించకముందే రాయాలి. కొత్త సీసా తెరిచినప్పుడు బలం ఎంతో పుస్తకంలో పెద్దగా రాయాలి.

అచ్చుగుద్దినట్టుండే పిల్లలైతే ఆసుపత్రి చేతిపట్టీ ఇంటికొచ్చాక వెంటనే తీయొద్దు. తీసేటప్పుడు ఒకరి కాలి బొటనవేలి గోరుకి రంగు వేయండి. చేతిగోళ్లకి వద్దు, నోట్లో పెట్టుకుంటారు. ఎవరి చొక్కా రంగు వారిదే అన్న నియమం ఉతుకులో రెండురోజులు కూడా నిలవదు, గోరు రంగుకి ఆ ఇబ్బంది లేదు.

గుడ్డలు, డైపర్లు

అట్టపెట్టెల కొద్దీ న్యూబార్న్ డైపర్లు ముందే కొనేయకండి. రోజుకి ఒక్కొక్కరికి 10 దాకా పడతాయి, ఇద్దరికి 20. అయినా బరువు ఎంతతో పుడతారో తెలియకుండా కొన్నవి వదులై కారతాయి. మొదట ఒక్క ప్యాకెట్టు, అదీ పక్కన అతికించే టేపు రకం. ప్యాంటు రకం నిద్రపోతున్న బిడ్డకి కాళ్లెత్తి తొడగాలి, బొడ్డుకి రాసుకుంటుంది.

పగలు మెత్తటి నూలు గుడ్డలు, రాత్రి డైపరు, ఇదే ఎక్కువ ఇళ్లలో నిలిచే పద్ధతి. పగలు గుడ్డలే అయినా వానాకాలంలో ఆరడానికి రెండురోజులు పడుతుంది కనక ఇద్దరికీ కలిపి 50 లంగోటీలు, 20 పొత్తిగుడ్డలు ఉండాలి. పాత నూలు చీరలు, పంచెలు చించి అమ్మమ్మ కుట్టినవి షాపులో మెత్తగా కనిపించే పాలియెస్టర్ కలిసిన వాటికన్నా ఎక్కువ పీలుస్తాయి. ఉతికేటప్పుడు మెత్తదనానికి వేసే కండిషనర్ వాడొద్దు, గుడ్డ తడి పీల్చడం మానేస్తుంది. సబ్బు పోయేలా రెండుసార్లు జాడించాలి, పిర్రల దగ్గర ఎర్రబడటానికి మిగిలిపోయిన సబ్బు కూడా ఒక కారణం. గుడ్డలకి ఇంకో లాభం ఉంది: ఎన్నిసార్లు తడిపారో కళ్లకి కనిపిస్తుంది. మొదటివారం దాటాక రోజుకి ఆరుసార్లైనా తడపకపోతే పాలు చాలడం లేదేమో చూడాలి. డైపరు ఆ సంగతి దాచేస్తుంది.

గుడ్డ మార్చడం నేలమీద చేయకండి. రోజుకి ఇరవైసార్లు వంగి లేస్తే అరవయ్యేళ్ల అమ్మమ్మ మోకాళ్లు వారం తిరగకముందే మొరాయిస్తాయి. నడుమెత్తు బల్ల, పాత డైనింగ్ టేబుల్ అయినా సరే, గోడకి ఆనించి మెత్త వేయండి. బిడ్డమీద ఒక చెయ్యి ఎప్పుడూ ఉండాలి.

పడక, ఉయ్యాల, దోమతెర

చీర ఉయ్యాలని, తొట్టెలని ఏడుపు మాన్పడానికి మెలకువలో వాడుకోవచ్చు. నిద్రకి, ముఖ్యంగా రాత్రి నిద్రకి వద్దు. ఒళ్లు వంకర తిరిగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, నెలలు నిండని పిల్లలకి గాలి దారి మూసుకుపోవచ్చు. ఇద్దరినీ ఒకే ఉయ్యాల్లో వేసి ఫోటోలు తీసే సరదా బారసాల రోజున, మనిషి పక్కనుండగా, రెండు నిమిషాలు. స్ప్రింగు ఉయ్యాల కొంటే కొక్కెం, స్ప్రింగు ఎంత బరువు ఆపుతాయో రాసి ఉన్నదే కొనండి.

పడక ఇద్దరికీ విడివిడిగా, గట్టి పరుపు, వెల్లకిలా. చుట్టూ దిళ్లు, మెత్తటి బొమ్మలు వద్దు. తల గుండ్రంగా రావాలని కుట్టే ఆవాల దిండు దగ్గర పెద్దవాళ్లతో కాస్త వాదన తప్పదు. ఏడాది దాకా ఏ దిండూ వద్దని పిల్లల డాక్టర్ చేత చెప్పించడం తేలిక దారి. గొడుగు దోమతెర నాలుగో నెల దాకా బాగుంటుంది. దొర్లడం మొదలుపెట్టాక తన్ని ముఖం మీద వేసుకుంటారు, అప్పటినుంచి మంచం మొత్తానికి కట్టే తెర.

ఇదే వరసలో కంగారూ సంచి గురించి. 2.5 కిలోల లోపు పిల్లలని ఛాతీకి చర్మం తగిలేట్టు కట్టుకునే ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. రోజుకి 8 నుంచి 24 గంటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కవలలున్న తల్లికి ఒక్కదానికే అది అయ్యే పని కాదు. తండ్రి, అమ్మమ్మ, పిన్ని ఎవరి ఛాతీ అయినా పనికొస్తుంది, ఉమ్మడి చేతుల వల్ల ఇంత లాభం వచ్చే పని ఇంకొకటి లేదు. సాగే బట్టతో కుట్టిన కట్టు ఇద్దరికి రెండు కొనండి. బిడ్డకి టోపీ, లంగోటీ, మేజోళ్లు మాత్రమే ఉండాలి, తల పక్కకి తిరిగి ముక్కు తెరిపిగా ఉండాలి. బట్టల షాపులో దొరికే ఖరీదైన స్టైలిష్ క్యారియర్లు ఈ బరువు పిల్లలకి పనికిరావు, వాటి అడుగున కనీస బరువు ఎంతో చదవండి.

పాలిచ్చే జంట దిండుకి ఒక్క మాట. సిజేరియన్ కుట్లున్న తల్లి ఇద్దరినీ చంకల కింద రెండు పక్కలా పెట్టుకుని పాలివ్వడానికి అది నిజంగా పనికొస్తుంది, కానీ గట్టి ఫోమ్ ఉన్నదైతేనే. దూదిది కుంగిపోతుంది. రెండోబిడ్డని అందించడానికి, తీయడానికి మనిషి పక్కనే ఉండాలి. గలీబులు రెండు తీసుకోండి.

మనుషుల సేవ

నీళ్లు పోయడానికి వచ్చే ఆవిడ సేవ మన ఊళ్లలో ఇంకా బాగా నడుస్తోంది. ఇద్దరికి కలిపి మాట్లాడుకోండి, ఒక్కరి రేటుకి ఇద్దరని అనుకుంటే రెండోబిడ్డ స్నానం హడావుడిగా జరుగుతుంది. బొడ్డు ఊడేదాకా, బరువు రెండు కిలోలు దాటేదాకా తడిగుడ్డతో తుడవడమే. ముక్కులో, చెవిలో నూనె పోయొద్దని, నోట్లో వేలుపెట్టి కఫం తీయొద్దని, సాంబ్రాణి పొగ వద్దని మొదటిరోజే చెప్పాలి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. గోళ్లు, గాజులు, ఉంగరాలు చూడండి. రెండోబిడ్డ వంతు వచ్చేసరికి నీళ్లు చల్లారిపోవడం మామూలు, అందుకే రెండు బకెట్లు విడిగా కలుపుకోవాలి, మోచేత్తో చూసుకోవాలి. గదిలో ఫ్యాన్ ఆపాలి.

ఏజెన్సీల నుంచి వచ్చే ఆయా సేవ దగ్గర చాలామంది తప్పుగా డబ్బు పెడతారు. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉండగా పిల్లలకోసం ఆయాని పెట్టి, వంట, బట్టలు అమ్మమ్మ నెత్తిన పెడతారు. తిరగేయాలి. ముందు పెట్టాల్సింది వంటమనిషిని, గుడ్డలు ఉతికే మనిషిని. రాత్రి పది నుంచి ఆరుదాకా ఇంటివాళ్లు సర్దుకోలేకపోతే అప్పుడు రాత్రి ఆయా. ఒప్పందంలో ఇద్దరు పిల్లలని, సెలవు పెడితే బదులు మనిషి ఎన్ని గంటల్లో వస్తారో, సీసాలు కడిగేది ఎవరో రాయించండి. పోలీసు ధ్రువీకరణ, క్షయ లేదన్న పరీక్ష కాగితం అడగండి. అడిగితే నొచ్చుకునే ఏజెన్సీని వదిలేయండి.

ఉచితంగా దొరికే సేవ ఒకటుంది, నగరాల్లో ఎక్కువమంది పట్టించుకోరు. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డని ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. బరువు తూస్తారు, ప్రమాద సూచనలు చెబుతారు. అందుకే బరువు యంత్రం కొనాలన్న తొందరొద్దు. రోజూ తూస్తే ఇంట్లో ఇద్దరు పిల్లల మధ్య పోటీ మొదలవుతుంది, ఇరవై గ్రాములు తగ్గిందని డబ్బాపాలు మొదలుపెడతారు. వారానికోసారి చాలు.

దేశం దాటే సామాను

అమెరికాలో కాన్పు చేయడానికి వెళ్లే అమ్మమ్మలు, ఆరునెలలకి వాళ్ల చోటికి వచ్చే నానమ్మలు ఇక్కడి స్టెరిలైజర్, కెటిల్ పట్టుకెళ్లొద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన యంత్రాలు 230కి చేసినవి, సరిగా వేడెక్కవు. పంపు అడాప్టర్ మీద 100–240 అని ఉంటే పనిచేస్తుంది. ఉగ్గుగిన్నెలు, నూలు గుడ్డలు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడి బిడ్డల షాపుల్లో అవి కనిపించవు.

విమానంలో ఒక పెద్దమనిషి ఒళ్లో ఒక్క పసిబిడ్డకే అనుమతి. తల్లి ఒక్కతే ఇద్దరినీ ఒళ్లో పెట్టుకుని వెళ్లడం కుదరదు, తోడు టికెట్టు ముందే లెక్కలో వేసుకోవాలి. అదనపు ఆక్సిజన్ మాస్కులు తక్కువ కనక ఇద్దరు పిల్లలనీ చాలా విమానాల్లో ఒకే పక్క వరసలో కూర్చోనివ్వరు, నడవాకి అటొకరు ఇటొకరు వచ్చేలా సీట్లు అడగండి.

జంట తోపుడు బండి ఆఖరున కొనాల్సిన వస్తువు. పక్కపక్కన కూర్చోబెట్టేవి సుమారు 75 సెం.మీ. వెడల్పుంటాయి. మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు, గేటు టేపుతో కొలిచాకే ఆర్డరు పెట్టండి. ముందూ వెనకా సీట్లున్నవి సన్నగా ఉంటాయి కానీ పొడుగు, లిఫ్టులో తిరగవు, మన రోడ్ల మీద ముందు చక్రం గుంటలో దిగితే ఎత్తడం కష్టం. రెండు ఒంటి బండ్లని కలిపే క్లిప్పులు దొరుకుతాయి, ఇద్దరు తోడున్న రోజు విడదీసుకోవచ్చు. ఆరో నెల దాకా, చేతులు నాలుగున్న ఇంట్లో ఏదీ అవసరం రాదు. కొనాలనుకుంటే వాడినది చూడండి, కవలల బండ్లు ఏడాదిలోపే అమ్మకానికొస్తాయి. బ్రేకు రెండు చక్రాలకీ పడుతోందో లేదో, బెల్టు తాళాలు ఒంటి చేత్తో ఊడతాయో లేదో అక్కడే తేల్చుకోండి.